ఆన్‌లైన్ డిజైన్ కోర్సు పెడదామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు: కోనసీమ నుంచి నా జవాబులు

అమలాపురంలో డీటీపీ షాపు నడుపుతూ మిగిలిన వేళల్లో ఆన్‌లైన్‌లో గ్రాఫిక్ డిజైన్ నేర్పుతుంటాను. పెళ్లి కార్డులతో మొదలై ఫ్లెక్సీలు, ప్యాకెట్ లేబుళ్ల దాకా వచ్చిన చెయ్యి నాది. పంతులు వేషం మధ్యలో తగులుకుంది. నెలకోసారైనా పాలకొల్లు నుంచో రాజోలు నుంచో ఎవరో ఫోన్ చేసి, "మేమూ ఒక కోర్సు పెడదామనుకుంటున్నామండీ" అంటారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. ఒకచోట రాసి పెడితే నా గొంతుకి కాస్త విశ్రాంతి.

నాకు పదేళ్ల అనుభవం ఉందండీ. నేర్పడానికి అది చాలదా?

పని రావడం వేరు, ఆ పనిని నోటితో చెప్పగలగడం వేరు. నా మొదటి క్లాసులో ఒక కార్డు చూపించి "ఇక్కడ కొంచెం గాలి ఆడనివ్వాలి" అన్నాను. ఒకమ్మాయి "ఎంత గాలి సార్?" అని అడిగింది. ఎంతో నాకూ తెలీదు. ఆ రాత్రి పాత కార్డులు ముందేసుకుని స్కేలు పెట్టి కొలిస్తే, అంచుకీ అక్షరానికీ మధ్య ఇంచుమించు ప్రతిసారీ అరంగుళమే వదులుతున్నానని తేలింది. ఇన్నేళ్లూ చెయ్యి చేసుకుపోతోంది, నేను చూసుకోలేదు.

మీరూ ఒకటి చేసి చూడండి. డిజైన్ తెలియని మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మీరు పక్కగదిలోంచి ఫోన్‌లో మాటలతోనే ఒక విజిటింగ్ కార్డు చేయించండి. "అబ్బ, అలా కాదు, ఇటివ్వు నేను చేస్తా" అని నోటిదాకా వచ్చిన ప్రతి చోటా ఆగి రాసుకోండి. మీరు తయారు చేయాల్సిన పాఠాల జాబితా అదే.

ఏం నేర్పాలి? ఫొటోషాప్ మొత్తం చెప్పేయాలా?

వద్దు. మెనూలు వరసగా చెప్పేవాళ్లు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతారు. పని పట్టుకుని చెప్పండి, ఆ పనికి కావలసిన టూలు దారిలో వస్తుంది. నా కోర్సులో పనులు మూడే: ఒక శుభలేఖ, ఒక ఫ్లెక్సీ, ఒక తినుబండారం పెట్టె.

పెట్టె మీద నాకు ప్రత్యేకమైన మమకారం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టెలో పెట్టి దూరాభారం పంపే సరుకది. ఆ పెట్టె డిజైన్ చేయమంటే పిల్లలు ముందు కొబ్బరి చెట్టు, గోదారి, పడవ వేసేసి మురిసిపోతారు. అప్పుడు అడుగుతాను: ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరేది? పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉండే శాకాహార గుర్తేది? నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, తయారుచేసినవాళ్ల చిరునామా, ఏ పదార్థాలు వాడారో ఆ జాబితా? ఇవన్నీ పెట్టేసరికి పడవకి చోటుండదు. ఏది పెద్దగా కనబడాలి, ఏది ఉంటే చాలు అని అప్పుడు మొదటిసారి ఆలోచిస్తారు. "హయరార్కీ" అని గంటసేపు నేను చెప్పినా ఎక్కనిది ఒక్క పెట్టెతో ఎక్కుతుంది.

ఫ్లెక్సీలో ఎక్కాల్సింది లెక్క. ఎక్కడో "ప్రింటు అంటే 300 డీపీఐ" (అంగుళానికి 300 చుక్కలు) అని విని వస్తారు. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఫ్లెక్సీని 300లో తెరిస్తే 36,000 × 28,800 పిక్సెళ్లు. కంప్యూటర్ అక్కడే కూలబడుతుంది. అదే 72లో పెడితే 8,640 × 6,912. సెంటర్లో ఇరవై అడుగుల దూరం నుంచి చూసేదానికి అది సరిపోతుంది. ఈ గుణకారం వాళ్లచేతే కాగితం మీద వేయించండి.

మీ ఊరిని బట్టి పనులు మార్చుకోండి. భీమవరమైతే రొయ్యల మేత సంచి, నరసాపురమైతే లేసు సరుకు కేటలాగ్, కడియమైతే నర్సరీ ధరల పట్టిక, బండారులంకైతే చీర మడతలో పెట్టే కార్డు. ఊళ్లో కనబడే వస్తువైతే బాగుందో లేదో చెప్పడానికి ఇంట్లోవాళ్లు కూడా పనికొస్తారు.

నేర్చుకునేవాళ్ల దగ్గర ల్యాప్‌టాప్ ఉండదు, ఫోనే ఉంటుంది. ఎలా?

ఈ సంగతి చేరే ముందే అడిగి తెలుసుకోండి. ఫోన్ ఉన్నవాళ్లనీ కంప్యూటర్ ఉన్నవాళ్లనీ ఒకే బ్యాచ్‌లో కలిపితే ఇద్దరికీ చెడుతుంది. ఫోన్‌లో కాన్వా లాంటి డిజైన్ యాప్ పెట్టుకుని రంగులు, అక్షరాల సైజులు, ఖాళీ వదలడం నేర్పొచ్చు. ప్రెస్సుకి పంపే ఫైలు చేయడం మాత్రం ఫోన్‌లో నేర్పలేం. నేను రెండు వేర్వేరు బ్యాచ్‌లు పెట్టాను.

క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడొచ్చా? అందరూ అదే వాడుతున్నారు కదా.

షాపుల్లో ఏం జరుగుతుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. కానీ డబ్బు తీసుకుని నేర్పే వీడియోలో అది కనబడితే మీ చేత్తో మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. ఇంక్‌స్కేప్, జింప్, క్రిటా, స్క్రైబస్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఇంక్‌స్కేప్‌లో లోగో గీయడం వచ్చినవాడికి షాపుల్లో వాడే కోరల్‌డ్రాకి మారడం పెద్ద కష్టమేం కాదు. ఎలాగూ ఫ్లెక్సీ షాపులో ఉద్యోగానికి వెళ్తే కోరల్ అడుగుతారు కాబట్టి, ఆ మార్పు మీద చివర్లో ఒక క్లాసు పెట్టండి.

తెలుగు అక్షరాలతో ఇబ్బందులు వస్తాయంటారు. ఏమిటవి?

ఇంగ్లీషు కోర్సుల్ని చూసి మన కోర్సు తయారు చేసేవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది, అను ఫాంట్ల వ్యవహారం. మన డీటీపీ షాపుల్లో పాత ఫైళ్లు చాలావరకు అనులోనే ఉంటాయి. అది యూనికోడ్ (ప్రతి కంప్యూటరూ, ఫోనూ ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపిన పెళ్లి మ్యాటర్‌కి అను ఫాంట్ తగిలిస్తే అదీ కుదరదు, మార్పిడి చేయాలి. విద్యార్థి మొదటి వారంలోనే ఈ గోడకి తల కొట్టుకుంటాడు. అందుకని యూనికోడ్ అంటే ఏమిటో మొదటి పాఠంలోనే ఐదు నిమిషాల్లో చెప్పేయండి.

రెండోది, ఒత్తులు విడిపోవడం. సెట్టింగు సరిగా లేకపోతే "శ్రీ" అన్నది శ, పొల్లు, ర, గుడిదీర్ఘంగా విడివిడిగా పడుతుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా లిపులకి పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి. దీనికి రెండు నిమిషాల వీడియో విడిగా చేసి పెట్టుకోండి. నాకొచ్చే సందేహాల్లో సగం దానితోనే తీరిపోతాయి.

మూడోది, వరసల మధ్య దూరం. ఇంగ్లీషు వరసలకి మామూలుగా అక్షరం సైజుకి 120 శాతం దూరం ఇస్తారు. తెలుగుకి అది చాలదు. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వేలాడుతుంది, కింది వరసలో గుడో ఏత్వమో పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. నేను 150 దగ్గర మొదలుపెట్టి కంటికి ఆనేదాకా సర్దమంటాను. పరీక్షకి "శ్రీ లక్ష్మీ నరసింహస్వామి" అన్న వరస కింద "వారి దివ్య ఆశీస్సులతో" అని కొట్టించండి. అంతర్వేది స్వామి పేరు మా వైపు శుభలేఖల్లో ఎలాగూ వస్తుంది. "క్ష్మీ" కింది ఒత్తు ఎక్కడికి దిగిందో, "దివ్య" గుడి ఎక్కడికి లేచిందో అక్కడే వేలు పెట్టి చూపించొచ్చు.

ఫాంట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, పెద్దన, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వ్యాపార పనులకి కూడా వాడుకోవచ్చు. ఫ్లెక్సీ హెడ్డింగుకి రామభద్ర, చిన్న అక్షరాలకి మండలి అని నేను చెబుతుంటాను. ఇది నా రుచి మాత్రమే.

రికార్డింగుకి ఏ కెమెరా కొనాలి?

కెమెరా మాట మరిచిపోండి. మీ మొహం కంటే మీ స్క్రీను ముఖ్యం, దానికి ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డబ్బు పెట్టాలనుకుంటే మైకుకి పెట్టండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే కట్టేస్తారు.

మైకు కొన్నాక అసలు యుద్ధం చప్పుళ్లతో. మా ఇంటి వెనక కొబ్బరి తోట, దాని నిండా కాకులు. కార్తీక మాసంలో తెల్లవారుజాము నుంచే గుడి మైకు. వర్షాకాలంలో రేకుల మీద వాన పడితే నా మాట నాకే వినబడదు. ఫ్యాను ఆపితే ఉక్క, వేస్తే హోరు. చివరికి దొరికిన చోటు మా పడగ్గదిలో చీరల బీరువా ముందు. తలుపులు రెండూ బార్లా తీసి, చీరల వైపు మొహం పెట్టి, వెనక దండెం మీద బొంత వేసి మాట్లాడతాను. గుడ్డలు మాటని పీల్చుకుంటాయి, గది గింగురుమనదు. రాత్రి పదిన్నర దాటాక గంటన్నర దొరుకుతుంది, అదే నా స్టూడియో టైము.

ఒకసారి నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పి, ఆపి చూసుకుంటే మైకు మ్యూట్‌లో ఉంది. అప్పట్నుంచి ముందు పది సెకన్లు రికార్డు చేసి, విని, ఆ తర్వాతే మొదలుపెడుతున్నాను. వీడియోలు కూడా ఏడెనిమిది నిమిషాలకి మించనివ్వను. పోతే అంతవరకే పోతుంది.

నా స్క్రీను వాళ్ల ఫోన్‌లో కనబడడం లేదంటున్నారు.

కనబడదు మరి. పెద్ద మానిటర్ మీద మీరు నొక్కే బటన్ వాళ్ల ఆరంగుళాల ఫోన్‌లో ఆవగింజంత ఉంటుంది. రికార్డు చేసేముందు విండోస్ డిస్‌ప్లే స్కేలింగు 150 శాతానికి పెంచండి. మౌస్ పాయింటర్ పెద్దది చేసి పసుపు రంగు ఇవ్వండి. "ఇక్కడ నొక్కండి" అని ఊరుకోకుండా "ఎడమవైపు పైనుంచి మూడోది" అని చెప్పండి. వీడియో పూర్తయ్యాక మీ ఫోన్‌లోనే, బయట ఎండలో నిలబడి ఒకసారి చూసుకోండి.

నెట్, కరెంటు సంగతి?

డెల్టాలో కోర్సు పెడితే క్యాలెండర్‌తో పాటు గోదారిని కూడా చూసుకోవాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటిందంటే లంక గ్రామాల పిల్లలు నా క్లాసుకి రారని నాకు తెలిసిపోతుంది. ఇంట్లో సామాను అటక మీదికి ఎక్కిస్తూ ఎవరు లోగో గీస్తారు? జూలై, ఆగస్టుల్లో కొత్త బ్యాచ్ మొదలుపెట్టను. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో కొన్నాళ్లు మొబైల్ ఇంటర్నెట్టే లేదు. అలాంటివి మళ్లీ రాకూడదనే కోరుకుందాం, కానీ ఏర్పాటు ఉండాలి.

నా ఏర్పాటు చాలా మోటుది. ప్రతి పాఠానికీ రెండు పేజీల పీడీఎఫ్ నోట్సు చేసి, వారానికి సరిపడా పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసుకునేలా ఇస్తాను. వీడియోల సైజు తగ్గించడం నేర్చుకోండి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో ఇంట్లో ముగ్గురు బతికే చోట మీ ఒక్క పాఠమే దాన్ని మింగేస్తే ఆ ఇంట్లో మీ పేరు మంచిగా తలుచుకోరు. ఇక మీ రూటర్‌కి, ల్యాప్‌టాప్‌కి ఇన్వర్టర్ లైను తప్పనిసరి.

లైవ్ క్లాసులా, రికార్డు చేసినవా?

రెండూ కావాలి. టూలు చూపించడం రికార్డు చేయండి, పనులు చూడడం లైవ్‌లో పెట్టండి. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకి ఆగిపోతుంది. నాకది మేలే చేసింది, సోది తగ్గింది.

టైము విషయంలో ఒక మాట. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. నేను మొదట సాయంత్రం ఏడింటికి పెట్టాను, ఎవరూ రాలేదు. వంట వేళకి క్లాసు పెట్టానన్న తెలివి మా ఆవిడ చెబితేగానీ రాలేదు. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నరకి ఒకటి, రాత్రి తొమ్మిదింటికి ఒకటి. సాయంత్రాలు నోట్సు తయారీకి, వచ్చిన పనులు చూడడానికి మిగిలాయి.

విద్యార్థుల పనులు ఎలా దిద్దాలి? దానికంత టైము ఉంటుందా?

కోర్సు బతికినా చచ్చినా ఇక్కడే. వీడియో ఒకసారి చేస్తే అయిపోతుంది, పది మంది చూసినా వెయ్యి మంది చూసినా మీకు శ్రమ ఒకటే. దిద్దడం అలా కాదు. ఒక్కో పనిని బుద్ధిగా చూసి నాలుగు మాటలు చెప్పడానికి నాకు పన్నెండు నిమిషాలు పడుతుంది. పద్నాలుగు మంది ఉంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. వారానికి రెండు పనులు పెట్టారా, మీ షాపు మూసుకోవాల్సిందే. కాబట్టి బ్యాచ్‌లో ఎంతమంది అన్నది వీడియో చూసేవాళ్లని బట్టి తేల్చకండి. మీ కళ్లు వారానికి ఎన్ని పనులు చూడగలవో లెక్కేసుకుని తేల్చండి. నా లెక్క పద్నాలుగు దగ్గర ఆగింది.

దిద్దే పద్ధతి కూడా తంటాలు పడి నేర్చుకున్నదే. మొదట్లో వాట్సాప్‌లో "బాగుంది, రంగు మార్చండి" అని రాసేవాణ్ణి. అది దేనికీ పనికిరాదు, ఏ రంగు, ఎందుకు? ఇప్పుడు వాళ్ల పనిని నా స్క్రీన్ మీద తెరిచి, రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగు చేసి పంపుతున్నాను. మౌస్ పెట్టి చూపిస్తూ "మీ కన్ను మొదట ఎక్కడికి పోయింది? నాది ఈ ఎర్ర పువ్వు మీదికి పోయింది. పెళ్లికూతురి పేరు నాలుగోసారికి గానీ కనబడలేదు" అంటాను. సరిచేసి మాత్రం పంపను. నేను దిద్ది పంపిన ఫైలునే కొద్దిగా జరిపి నాకే తిరిగి పంపినవాళ్లున్నారు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, అక్షరాల అంచులు చెదురుతాయి. లేని తప్పు ఉన్నట్టు కనబడుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫైలు పేరులో వాళ్ల పేరు, పని నంబరు ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ లాస్ట్" అనే పేర్లతో ముప్పై ఫైళ్లు వచ్చాక మీకే తెలుస్తుంది.

అందరి ముందూ దిద్దొచ్చా అని అడుగుతారు. మొదటి రెండు వారాలు వద్దు. ముఖ్యంగా చదువు మధ్యలో ఆపేసి చాలా ఏళ్ల తర్వాత కూర్చున్న అక్కయ్యలు ఒక్క మాటకి మనసు కష్టపెట్టుకుని మళ్లీ రారు. చనువు పెరిగాక వాళ్లే గ్రూపులో పెట్టి "చెప్పండి, ఎక్కడ చెడగొట్టాను" అని అడుగుతారు.

రంగులు స్క్రీన్ మీద ఒకలా, ప్రింటులో ఒకలా వస్తున్నాయి. ఆన్‌లైన్‌లో దీన్నెలా చూపించాలి?

చూపించలేం. స్క్రీను వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. ఆర్‌జీబీ (తెర రంగులు), సీఎంవైకే (సిరా రంగులు) అని ఎంత చెప్పినా వినేవాడు చూసేది మళ్లీ స్క్రీనునే. అందుకే కోర్సులో చేరినవాళ్లకి పోస్టులో ఒక కవరు పంపుతాను. అందులో ఒకే డిజైన్‌ని ఆఫ్‌సెట్‌లో, డిజిటల్‌లో వేసిన రెండు కార్డులు, ఒక ఫ్లెక్సీ ముక్క, అంచు తెల్లగా మిగిలిపోయిన ఒక చెడిపోయిన విజిటింగ్ కార్డు ఉంటాయి. చుట్టూ మూడు మిల్లీమీటర్లు బ్లీడ్ (కోసే గీత దాటించి వేసే రంగు) వదలకపోతే కటింగులో ఏమవుతుందో ఆ చెడిన కార్డే చెబుతుంది. కోర్సు మొత్తంలో అందరూ దాచుకునేది ఆ కవరునే.

ఫీజు ఎంత పెట్టాలి?

దిద్దే గంటల్ని బట్టి పెట్టండి. షాపులో ఆ గంటలకి ఎంత సంపాదిస్తారో దానికి తగ్గకూడదు. మొదటి బ్యాచ్ తెలిసినవాళ్లకి సగానికే ఇవ్వండి, వాళ్ల మీద మీరూ నేర్చుకుంటారు కాబట్టి. పూర్తిగా ఉచితం మాత్రం వద్దు. నేను ఒకసారి ఉచితంగా పెట్టాను. చేరేటప్పుడు ఎగబడ్డారు, మూడో వారానికి ముగ్గురు మిగిలారు. డబ్బు యూపీఐలో తీసుకోవడం తేలిక. పేమెంట్ గేట్‌వే పెడితే కమిషన్ ఎంత పోతుందో ముందే చూసుకోండి.

జీఎస్టీ కట్టాలా?

సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. షాపు ఆదాయం, కోర్సు ఆదాయం ఒకే పాన్ మీద ఉంటే రెండూ కలిపే చూస్తారు. మిగతాది మీ ఆడిటర్ని అడగండి.

వీడియోలు కాపీ కొట్టి పంచేస్తారేమో?

పంచేస్తారు. నా పాఠాలు నాకే ఎవరో టెలిగ్రామ్‌లో ఫార్వర్డ్ చేశారు, "చాలా బాగున్నాయి, చూడండి" అని. రెండ్రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత ఆ దారినే ఇద్దరు వచ్చి "దిద్దించుకోవడానికి ఎంతండీ?" అని అడిగారు. వీడియో మూలన ఫోన్ నంబరు వాటర్‌మార్క్ వేసి వదిలేశాను. మీ వైపు నుంచి కూడా జాగ్రత్తగా ఉండండి. పాఠంలో సినిమా హీరో ఫొటో, గూగుల్‌లో దొరికిన బొమ్మ వాడకండి. మీ ఫోన్‌తో తీసిన అరటి గెల ఫొటో చాలు.

ఏఐ వచ్చాక డిజైన్ ఎవరు నేర్చుకుంటారండీ?

నా దగ్గరికి ఇప్పటికీ వస్తున్నారు. ఏఐ చేసిచ్చిన బొమ్మలో తెలుగు అక్షరాలు చూడండి, ఒత్తులు తారుమారుగా పడిన సందర్భాలు కొల్లలు. తప్పు పట్టగలిగే కన్ను ఉన్నవాడు దాన్ని పనివాడిలా వాడుకుంటాడు. నా కోర్సులో దానికి ఒక వారం ఇచ్చాను, అంతకంటే ఎక్కువ ఇస్తే మిగతావి కుంటుపడతాయి.

సగంలో మానేసేవాళ్లని ఎలా ఆపాలి?

అందర్నీ ఆపలేం. సంక్రాంతి ముందు పది రోజులు, తర్వాత వారం నేనే సెలవు ఇచ్చేస్తాను. కోడిపందేల వేళ క్లాసు పెట్టి ఎవరూ రాలేదని ఏడవడం ఎందుకు? వరికోతలప్పుడూ అంతే. వారం రోజులు పని పంపనివాళ్లకి మెసేజ్ పెట్టను, ఫోనే చేస్తాను. "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అంటే అసలు సంగతి చెబుతారు. ఎక్కువసార్లు అది బద్ధకం కాదు. ల్యాప్‌టాప్ తమ్ముడు పట్టుకుపోవడమో, ఫాంట్ ఎక్కక సిగ్గుపడి ఆగిపోవడమో.

సర్టిఫికెట్ ఇవ్వాలా?

అడుగుతారు కాబట్టి ఇస్తాను. దాన్ని చూసి ఫ్లెక్సీ షాపాయన ఉద్యోగం ఇవ్వడు. ఒక మ్యాటర్ చేతిలో పెట్టి "గంటలో చేసివ్వు" అంటాడు. అందుకే మూడు పనుల ప్రింట్లు ఫైలులో పెట్టుకుని వెళ్లమంటాను. సర్టిఫికెట్ డిజైన్ కూడా ఆఖరి వారం వాళ్ల పనే. ఎవరిది వాళ్లే చేసుకోవాలి, ఒత్తు తప్పితే సంతకం పెట్టను. పోయినసారి ముగ్గురివి వెనక్కి పంపాను.